విమానం నడిపిన పాటగాడు

శ్రోతలకు నమస్కారం.

1985 ఫిబ్రవరి 1, శుక్రవారం. రాత్రి పది గంటలకు అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 'మయామీ వైస్' అనే పోలీసు సీరియల్ కొత్త భాగం మొదలైంది. ఆ వారం కథ ఇది. మయామీలో మాదకద్రవ్యాల వ్యాపారుల్ని, వాళ్ళ కుటుంబాల్ని ఎవరో వరుసగా చంపేస్తున్నారు. చంపుతున్నది పోలీసు వ్యవస్థలోని మనిషేనేమో అన్న అనుమానం కూడా ఉంది. సంగతి తేల్చాలంటే క్రాకెట్, టబ్స్ అనే ఇద్దరు డిటెక్టివులు సరుకు కొనడానికి వచ్చిన బేరగాళ్ళలా వేషం కట్టి కొలంబియా వెళ్ళాలి. వెళ్ళడానికి ఒక విమానం, దొంగదారులు తెలిసిన పైలట్ కావాలి. ఆ పైలట్ పేరు జిమ్మీ కోల్. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. విమానం నడపడంలో ఘటికుడు, బతుకు నడపడంలో మాత్రం కొంచెం అటూ ఇటూ.

ఆ జిమ్మీ కోల్ వేషం వేసింది గ్లెన్ ఫ్రై. ఈగల్స్ అనే రాక్ బృందాన్ని డాన్ హెన్లీతో కలిసి నిలబెట్టినాయన. 1971లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన ఆ బృందం పాటలు తెలియని ఇల్లు అమెరికాలో అరుదు. వాళ్ళ తొలినాళ్ళ పాటల సంకలనం ఒక్కటే ఆ దేశంలో 3 కోట్ల 80 లక్షల ప్రతులకు లెక్కకు వచ్చిందని 2018లో అక్కడి రికార్డింగ్ పరిశ్రమ సంఘం ధ్రువీకరించింది. అంతటి మనిషి ఒక పోలీసు సీరియల్లో అతిథిగా ఎందుకు వచ్చాడు, వచ్చి ఏం చేశాడు అన్నది ఈ ప్రసంగం విషయం.

టీవీ సీరియళ్ళలో అతిథి పాత్ర అంటే సాధారణంగా ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా వచ్చి, అక్షింతలు వేసి, ఫొటో దిగి వెళ్ళిపోవడమే. ఆ వారం ప్రకటనల్లో పేరు పెద్దగా వేసుకోవచ్చు, అభిమానులు నలుగురు ఎక్కువ చూస్తారు, అంతే. పాటగాడు అయితే పాటగాడి వేషమే ఇస్తారు. ఎక్కడో ఒకచోట గిటారు అందిస్తారు. కథ కాసేపు ఆగుతుంది. పాట అయ్యాక మళ్ళీ నడుస్తుంది.

ఈ పద్ధతిలోనే చాలా గొప్పగా కుదిరిన సందర్భం ఒకటుంది. దాన్ని చెప్పకుండా ముందుకు వెళ్ళడం అన్యాయం. 1974 మార్చిలో, ఇదే ఎన్‌బీసీలో, 'కొలంబో' సీరియల్లో జానీ క్యాష్ వచ్చాడు. ఎల్విస్ ప్రెస్లీ, జెర్రీ లీ లూయిస్ లాంటివాళ్ళు బయల్దేరిన మెంఫిస్ నగరపు సన్ రికార్డ్స్ సంస్థలోనే క్యాష్ గొంతు కూడా మొదట లోకానికి వినిపించింది. లోకం ఆయన్ని కంట్రీ గాయకుడు, అంటే అమెరికా పల్లెపాటల బాణీలో పాడేవాడు అంటుంది కానీ, రాక్ అండ్ రోల్ వాళ్ళు 1992లో తమ గౌరవ మందిరంలోనూ చోటిచ్చారు. ఆ సీరియల్లో ఆయన టామీ బ్రౌన్ అనే భక్తిగీతాల గాయకుడు. పాట ద్వారా వచ్చే డబ్బంతా ప్రార్థనా మందిరానికే పోవాలని భార్య పట్టు. భర్త చేసిన ఒక పాడు పని గుట్టు ఆవిడ చేతిలో ఉంది, కాబట్టి కిక్కురుమనడానికి లేదు. చివరికి ఫ్లాస్కులో కాఫీకి మత్తుమందు కలిపి భార్యకు పట్టిస్తాడు. తాను నడుపుతున్న చిన్న విమానంలోంచి రహస్యంగా పారాచూట్‌తో దూకేస్తాడు. విమానం కొండల్లో కూలుతుంది. కాలు విరిగినా, ప్రమాదంలో బతికి బయటపడ్డానని లోకాన్ని నమ్మిస్తాడు. ఆ లోకంలో నలిగిన కోటు వేసుకున్న ఒక్క ఇన్స్పెక్టరు కొలంబో మాత్రం నమ్మడు.

ఆ ఎపిసోడ్‌కు బలం క్యాష్ మొహమే. జీవితంలో మందుబిళ్ళల వ్యసనంతో చాలా ఏళ్ళు కొట్టుకున్నాడు. ఫోల్సమ్, శాన్ క్వెంటిన్ జైళ్ళకు వెళ్ళి ఖైదీల ముందు పాడాడు. తప్పు చేసినవాడి మీద జాలి, తప్పు మీద కోపం రెండూ ఆ గొంతులో ఉంటాయి. హంతకుడిగా ఆయన్ని చూస్తుంటే మనకు ద్వేషం రాదు. దొరికిపోయాక ఆయన మొహంలో కనిపించేది భయం కంటే విశ్రాంతే ఎక్కువ. కొలంబో కూడా చివర్లో అతని పాటను మెచ్చుకునే మాట ఒకటి అంటాడు. అయినా ఒక్క సంగతి గమనించండి. క్యాష్ అక్కడ క్యాష్‌కు దగ్గరి చుట్టాన్నే పోషించాడు. గాయకుడే, గిటారే, భక్తిగీతమే.

పదకొండేళ్ళ తర్వాత గ్లెన్ ఫ్రై విషయంలో వరస తిరగబడింది. అక్కడ పాట ముందు పుట్టింది, కథ తర్వాత వచ్చింది.

ఎలాగంటే, ముందు మయామీ వైస్ సంగతి కొంచెం చెప్పాలి. 1981లో పాటల వీడియోలు చూపించే ఎంటీవీ ఛానల్ మొదలయ్యాక అమెరికా కుర్రకారు పాటను చెవులతో పాటు కళ్ళతోనూ వినడం మొదలుపెట్టింది. ఎన్‌బీసీ వినోద విభాగం అధిపతి బ్రాండన్ టార్టికాఫ్ ఒక కాగితం మీద 'ఎంటీవీ పోలీసులు' అని రెండు మాటలు రాసి పంపాడనీ, అందులోంచే ఈ సీరియల్ పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. సృష్టికర్త ఆంథొనీ యెర్కోవిచ్ మాత్రం ఆ ఆలోచన తనకు ముందే ఉందంటాడు. ఎవరిది నిజమైనా, నిర్మాణ బాధ్యత మైకేల్ మాన్ చేతికి వచ్చాక దాని రూపం ఖాయమైంది. మట్టిరంగులు, గోధుమరంగులు తెరమీద కనిపించకూడదని ఆయన నియమం. సముద్రం, లేత గులాబీ గోడలు, తెల్ల కోట్లు, నల్లని స్పోర్ట్స్ కారు. అప్పట్లో దక్షిణ ఫ్లోరిడా మీదుగా కొకెయిన్ వరదలా వస్తోంది, తుపాకులు మోగుతున్నాయి. ఆ నెత్తుటి ఊరినే అంత అందంగా చూపించారు. అది సబబేనా అని అప్పుడూ అడిగారు, నాకైతే ఇప్పుడూ ఆ ప్రశ్న మిగిలే ఉంది.

సంగీతం దగ్గర వాళ్ళు ఖర్చుకు వెనకాడలేదు. అంతకుముందు సీరియళ్ళలో ప్రసిద్ధమైన పాట వాడాలంటే డబ్బు మిగల్చడానికి ఎవరో అనామకుడి చేత మళ్ళీ పాడించి పెట్టేవారు. వీళ్ళు అసలు గాయకుడి అసలు రికార్డునే హక్కులు కొని వాడారు. అది కాక, నేపథ్య సంగీతం ప్రతి వారం కొత్తగా తయారయ్యేది. చేసినాయన యాన్ హామర్, ప్రాగ్ నగరంలో పుట్టినవాడు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాడు. ఆ మెక్‌లాఫ్లినే తర్వాత మన జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం కట్టాడు. సంగీతంలో చుట్టరికాలు ఇలాగే ఉంటాయి మరి.

1984 సెప్టెంబరులో వచ్చిన మొదటి భాగంలోనే ఒక దృశ్యం ఉంది. రాత్రి, ఖాళీ రోడ్లు, కారులో ఇద్దరు డిటెక్టివులు. ఫిల్ కాలిన్స్ పాట ఒకటి వినిపిస్తూ ఉంటుంది. మాటలు దాదాపు లేవు. క్రాకెట్ దారిలో కారు ఆపి, ఫోన్ బూత్‌లోంచి, విడిపోయిన భార్యకు ఫోన్ చేసి, మన మధ్య ఉన్నది నిజమేనా అని అడుగుతాడు. మళ్ళీ కారెక్కుతాడు. పాట సాగుతుంది. కథానాయకుడి మనసులో మాటను వెనకనుంచి పాట చెప్పడం మన సినిమా చూసేవాళ్ళకు కొత్తేమీ కాదు. మనకు పాత అలవాటు. అమెరికా పోలీసు సీరియల్‌కు మాత్రం అది కొత్త భాష.

ఇక ఫ్రై సంగతి. 1980లో ఈగల్స్ విడిపోయింది. కాలిఫోర్నియాలో ఆఖరి కచేరీ జరుగుతుండగానే ఆయనా, గిటారిస్టు డాన్ ఫెల్డరూ పాటకూ పాటకూ మధ్య ఒకరినొకరు, కచేరీ అయ్యాక నీ పని చెబుతా అని బెదిరించుకున్నారట. తర్వాత ఫ్రై ఒంటరిగా పాడడం మొదలుపెట్టాడు. 1984లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో జాక్ టెంప్చిన్‌తో కలిసి రాసిన పాట 'స్మగ్లర్స్ బ్లూస్'. పాడేది స్మగ్లరే. సరుకు ఎలా దాటుతుందో, సులువుగా వచ్చే డబ్బు మనిషిని ఎలా లాగుతుందో, ఈ ఆటలో పెద్దలకు ఎంత వాటా ఉందో, ఎవరి ప్రాణాలు చవకో అతనే ఏకరువు పెడతాడు. నీతి చెప్పడు, జాలీ అడగడు. గిటారు తీగ మీద స్లైడ్ జారుతున్నప్పుడు వచ్చే ఆ గీర స్వరం వింటుంటే అర్ధరాత్రి ఎయిర్‌స్ట్రిప్ కళ్ళముందుకు వస్తుంది.

మైకేల్ మాన్ ఆ పాట విన్నాడు. పాటను సీరియల్లో వాడుకోవడంతో ఆగలేదు. పాట మీదే ఎపిసోడ్ కట్టించాడు, పాడినవాడినే పిలిచి వేషం ఇచ్చాడు.

రాయించింది ఎవరిచేతో తెలుసా? మిగెల్ పిన్యేరో చేత. ప్యూర్టో రికోలో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగి, దొంగతనాలు చేసి, సింగ్ సింగ్ జైలుకు వెళ్ళి, జైల్లో ఉండగానే నాటకం రాయడం మొదలుపెట్టి, ఆ నాటకంతో న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే దాకా వెళ్ళిన కవి. మయామీ వైస్ తొలి భాగాల్లో కాల్డెరోన్ అనే పెద్ద డ్రగ్ వ్యాపారిగా నటించింది కూడా ఈయనే. అంటే నేరం లోపలివైపు నుంచి తెలిసిన మనిషి. దర్శకత్వం పాల్ మైకేల్ గ్లేజర్‌ది. 1970లలో 'స్టార్‌స్కీ అండ్ హచ్' సీరియల్లో పోలీసు స్టార్‌స్కీ ఆయనే. హచ్ వేషం వేసిన డేవిడ్ సోల్ అయితే 1977లో ఒక పాట పాడి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం కొట్టాడు. పాటగాళ్ళు పోలీసు కథల్లోకి రావడం ఒక దారి, పోలీసు వేషగాళ్ళు పాటల్లోకి పోవడం మరో దారి. మన క్రాకెట్, అంటే డాన్ జాన్సన్ కూడా 1986లో ఒక ఆల్బమ్ తెచ్చి మొదటి పది పాటల్లోకి ఎక్కాడు.

ఎపిసోడ్ పొడవునా ఆ పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. పూర్తిగా ఒక్కసారి వినిపించి వదిలేయరు. ఒక చరణం కొంత, తర్వాత సంభాషణ, తర్వాత మరో చరణం. మన హరికథలో దాసుగారు కథ ఆపి పద్యం ఎత్తుకుని, పద్యంలోంచి మళ్ళీ కథలోకి దిగుతారు చూడండి, ఆ పద్ధతే. ఇందులో తమాషా ఏమిటంటే, వినిపించే గొంతు కనిపించే మనిషిదే. కానీ కనిపించే మనిషి గాయకుడు కాదు, డబ్బుకోసం విమానం నడిపే మొరటు పైలట్. వెనకనుంచి తన బతుకును తానే పాడుతున్నట్టు ఉంటుంది, ఆ సంగతి అతనికి తెలియనట్టూ ఉంటుంది. ఫ్రై గొప్ప నటుడని నేను అనను. గొప్పగా నటించాల్సిన అవసరం రాకుండా కథ రాశారు. ఆ కుదురులేని నవ్వు, నాకు అన్నీ తెలుసులే అన్న ధీమా, పదేళ్ళు రాక్ బృందంతో దేశాలు తిరిగిన మనిషికి అరువు తెచ్చుకోవలసినవి కావు.

ఫలితం ఇద్దరికీ దక్కింది. పాట 1985లో, అమెరికాలో పాటల ఆదరణకు కొలమానమైన బిల్‌బోర్డ్ పట్టికలో 12వ స్థానం దాకా వెళ్ళింది. దాని వీడియోకు ఎంటీవీ అవార్డు వచ్చింది. మయామీ వైస్ పాటల ఆల్బమ్ 11 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అందులో ఫ్రైవి రెండు పాటలు. రెండోది సీరియల్ కోసమే రాసింది, అదీ 2వ స్థానానికి చేరింది. బృందం చెదిరాక ఇక ఈయన పని అయిపోయిందన్నవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

ఆ తర్వాత మయామీకి సంగీతకారుల క్యూ మొదలైంది. ఫిల్ కాలిన్స్ మాయమాటల మోసగాడిగా వచ్చాడు. చిన్నప్పుడు లండన్ రంగస్థలం మీద నటించిన అనుభవం ఉంది కాబట్టి ఆయన నెగ్గుకొచ్చాడు. ఫ్రాంక్ జాపాది మాదకద్రవ్యాల వ్యాపారి వేషం, జాజ్ మహానుభావుడు మైల్స్ డేవిస్ కూడా వచ్చాడు, విల్లీ నెల్సన్‌ది వృద్ధుడైన టెక్సస్ రేంజర్, అంటే ఆ రాష్ట్రపు పోలీసు వేషం. షీనా ఈస్టన్ ఏకంగా క్రాకెట్‌ను పెళ్ళి చేసుకుని కొన్ని భాగాల తర్వాత హత్యకు గురైంది. వీటిలో కొన్ని బాగున్నాయి. చాలావాటిలో మళ్ళీ ఆ పెళ్ళి ఫొటో వ్యవహారమే కనిపిస్తుంది. ఫలానా ఆయన వచ్చాడు అన్న సరదా తప్ప, ఆయనే రావలసిన అవసరం కథలో లేదు.

ఫ్రైకి కూడా ఆ కుదురు మళ్ళీ దొరకలేదు. 1989లో 'వైజ్‌గై' అనే మరో నేరపరిశోధన సీరియల్లో కొన్ని భాగాలు చేశాడు. 1993లో సీబీఎస్ వారు ఆయన్నే కథానాయకుణ్ణి చేసి ప్రైవేటు డిటెక్టివ్ సీరియల్ 'సౌత్ ఆఫ్ సన్‌సెట్' మొదలుపెట్టారు. అక్టోబరు 27న మొదటి భాగం వచ్చింది. రెండో భాగం రాలేదు. ఒక్క రాత్రితో రద్దు చేశారు. ఒక గంటసేపు ఒక పాటను మోయడం వేరు, వారం వారం ఒక సీరియల్‌ను మోయడం వేరు కదా. పాపం, ఆ మరుసటి ఏడాదే ఈగల్స్ మళ్ళీ కలిసి కచేరీలకు బయల్దేరింది కాబట్టి ఆయనకు పెద్దగా బాధపడే తీరిక ఉండి ఉండదు.

1996లో కామెరన్ క్రో అనే దర్శకుడు ఆయన్ని 'జెర్రీ మగ్వైర్' సినిమాలోకి పిలిచాడు. కుర్రతనంలో రోలింగ్ స్టోన్ పత్రికకు విలేకరిగా ఈగల్స్ వెంట తిరిగి వాళ్ళ గురించి రాసిన క్రోయే ఈయన. ఫ్రైకి ఆయన ఇచ్చింది ఒక ఫుట్‌బాల్ జట్టు జనరల్ మేనేజరు వేషం. ఆటగాడి జీతం దగ్గర పైసా వదలని గట్టిపిండం. చిన్న పాత్రే. ఈసారి కూడా చేతికి గిటారు ఇవ్వలేదు.

నమస్కారం.