అచ్చం కజ్జికాయే, కొరికితే తెలుస్తుంది

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా అక్కే గెస్ట్, పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ అనే ఊళ్లో ఉంటుంది. అక్కా, అక్కడ తిండంతా చప్పిడి అని మొదటి నెలంతా ఫోన్లో ఏడ్చింది నువ్వే కదా?

అక్క: ఏడ్చాను, ఒప్పుకుంటా. కారం ఉండదురా, అది నిజమే. కానీ పులుపు ఉంటుంది, ఆ సంగతి తెలియడానికి నాకు ఒక చలికాలం పట్టింది. జురెక్ అని ఒక సూప్ ఉంది, రై అని గోధుమలాంటి ధాన్యం, దాని పిండిని నీళ్లలో కలిపి, వెల్లుల్లి వేసి, నాలుగైదు రోజులు పులియబెట్టి ఆ పుల్లనీళ్లతో కాస్తారు. మూత తియ్యగానే అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది, ఒట్టు! కాకపోతే ఇందులో సాసేజూ, ఉడికించిన గుడ్డూ వేస్తారు.

తమ్ముడు: తరవాణిలో సాసేజా? అమ్మమ్మ వింటే ఇంకేమైనా ఉందా! సరే, ఆ పియెరోగి? నువ్వు పంపిన ఫొటోలో అచ్చం కజ్జికాయలా ఉంది.

అక్క: నేనూ అలాగే అనుకుని కొరికా. అంచులు కూడా మనలాగే వేళ్లతో నొక్కుతారు, కానీ నూనెలో వెయ్యరు, నీళ్లలో ఉడికిస్తారు. రుస్కీ అనే రకంలో బంగాళాదుంప, ఉల్లిపాయ, త్వరుగ్ ఉంటాయి. త్వరుగ్ అంటే పనీర్ లాంటిదే, కాస్త పుల్లగా, పొడిపొడిగా ఉంటుంది. పేరు చూసి రష్యాది అనుకుంటారు, కాదు, ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్ వైపున్న పాత రుస్ ప్రాంతం పేరది. 2022లో యుద్ధం మొదలయ్యాక కొన్ని హోటళ్లు ఆ పేరే తీసేసి ఉక్రెయిన్ పియెరోగి అని రాసుకున్నాయి. మాంసం లేదు కదా అని ధైర్యంగా ఆర్డర్ చేశా. పైన కరకరలాడే ముక్కలేవో చల్లి తెచ్చారు, వేయించిన ఉల్లిపాయలనుకుని సగం ప్లేటు లాగించాక తెలిసింది, పందికొవ్వు వేపుడట.

తమ్ముడు: అయ్యో! అప్పటికి నువ్వు పక్కా వెజ్ కూడాను.

అక్క: అదే నా బాధ. పోనీ స్వీటైనా తిందామంటే పోంచ్కి. గుండ్రంగా ఉంటుంది, లోపల గులాబీ రేకుల జామ్, పైన పంచదార పాకం, నారింజ తొక్క తురుము. మంచి పోంచ్కి ఎలా తెలుస్తుందంటే, నడుం చుట్టూ తెల్లటి గీత ఉండాలి. పిండి బాగా పొంగితే సగం పైకి తేలుతుంది, తిప్పినా ఆ మధ్య భాగానికి వేడి తగలదు. ఈస్టర్‌కి ముందు చేసే లెంట్ ఉపవాసాలు మొదలవ్వక ముందు వచ్చే గురువారం ఊరంతా ఇవే తింటారు. పొద్దున్నే చీకట్లో, మంచులో, బేకరీ ముందు క్యూ! ఆఫీసుకి డబ్బాలు డబ్బాలు వస్తాయి, ఒక్కటైనా తినకపోతే ఆ ఏడాది కలిసిరాదని బలవంతంగా పెడతారు.

తమ్ముడు: మరి వాటిని వేయించేది నూనెలోనేగా?

అక్క: ...పాత పద్ధతిలో అయితే పందికొవ్వులో. నాకు ఆ సంగతి రెండేళ్ల తర్వాత చెప్పారు.

తమ్ముడు: (నవ్వు) ఎన్ని తిన్నావు?

అక్క: లెక్కెందుకులే. నీకు నచ్చేది మకోవియెత్స్, క్రిస్మస్‌కి చేస్తారు. మనం గసగసాలు కూరలో ఒక చెంచా వేస్తే గొప్ప, వీళ్లు నల్ల గసగసాలు నానబెట్టి, రుబ్బి, తేనె, ఎండుద్రాక్ష కలిపి, రొట్టెలో చాపలా చుడతారు. కోస్తే పిండి కన్నా గసగసాలే ఎక్కువ కనపడాలి, లేకపోతే పిసినారి ఇల్లని లెక్క. ఈసారి వస్తూ అదే తెస్తా. ఈ పందికొవ్వు సంగతి మాత్రం కట్ చెయ్, అమ్మ వింటుంది.

తమ్ముడు: అక్కా, అమ్మ ఇక్కడే పక్కన కూర్చుంది.