ఎర్రరంగు పేజీ

శ్రోతలకు నమస్కారం.

సర్వే అనగానే మనకు గొలుసు, టేపు, హద్దురాళ్లు గుర్తొస్తాయి. ఇంగ్లండులో ఇల్లు అమ్మేటప్పుడు ఆ మాటకు అర్థం వేరు. ధర కుదిరాక, కొనేవాళ్లు తమ డబ్బుతో ఒక సర్వేయర్ని పంపుతారు. ఆయన పైకప్పు నుంచి మురుగుకాలువ మూత దాకా చూసి ఒక్కోదానికి అంకె వేస్తాడు. 1 అంటే ఆకుపచ్చ, ఫరవాలేదు. 2 నారింజ. 3 ఎరుపు. అంటే లోపం పెద్దదైనా అయి ఉండాలి, వెంటనే ఆరా తీయాల్సిందైనా అయి ఉండాలి.

మేం లెస్టర్లో అమ్మిన ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది, వరస ఇళ్లలో ఒకటి. ఆఫర్ వచ్చిన రోజు స్వీట్లు కూడా పంచాం. మూడు వారాలకు ఏజెంట్ ఫోన్ చేశాడు. "సర్వేలో డ్యాంప్‌కి ఎరుపు పడిందండీ. 8,000 పౌండ్లు తగ్గించమంటున్నారు." డ్యాంప్ అంటే గోడల్లో చెమ్మ.

మావారు "తగ్గించేద్దాం, పీడా పోతుంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ రిపోర్టు కొనేవాళ్ల సొత్తు, మనకు చూపించాలని రూలేం లేదు. కానీ దాన్ని చూపించి ధర తగ్గించమంటున్నప్పుడు ఆ పేజీ అడగడంలో తప్పులేదుగా. అడిగాను, పంపారు. అందులో ఉన్నది ఒక్కటే: ముందుగది గోడకు చెమ్మ చూసే మీటరు పెడితే రీడింగ్ ఎక్కువొచ్చింది, నిపుణుల చేత చూపించుకోండి. 8,000 అంకె ఎక్కడా లేదు. అది ఎక్కడిదని ఆరా తీస్తే, చెమ్మ ఆపడానికి గోడల్లోకి మందు ఎక్కించే కంపెనీ ఒకటి ఉచితంగా వచ్చి చూసి ఇచ్చిన కొటేషన్ అని తేలింది. ఉచితంగా చూసినవాడు మందు అమ్మకుండా పోతాడా?

అందుకని ఏ పనీ అమ్మని, సలహాకు మాత్రమే ఫీజు తీసుకునే ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన లోపలికి రాకుండానే ముందు బయటి గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కింది ఇటుక వరసల మధ్య నల్లటి సన్నగీత ఒకటి చూపించాడు. నేల చెమ్మ పైకి ఎక్కకుండా ఆ రోజుల్లో పెట్టిన స్లేటు పలకల పొర అది. బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. మాకంటే ముందున్నవాళ్లు పాత నేల మీదే కొత్తగా రాళ్లు పరిపించారు. గీతకూ నేలకూ మధ్య రెండు వేళ్లు కూడా పట్టలేదు. పడ్డ వాన చింది నేరుగా గోడకెక్కుతోంది. పైన గట్టర్, అంటే చూరు వాననీటి కాలువ, అతుకు దగ్గర కారి, ఇటుకల మీద పచ్చటి నాచు చార. పదేళ్లు ఆ గోడ పక్కనుంచే నడిచాం, ఒక్కరోజూ కనిపించలేదు.

ఆ మీటరు అసలు కలప కోసం కొలతలు కట్టినదట. గోడ మీద పెడితే ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది చెబుతుంది తప్ప నీళ్లెన్ని ఉన్నాయో చెప్పదు. గోడలో ఉప్పు పేరుకున్నా ఎగిరి గంతేస్తుంది.

తర్వాత వెనకగదికి వచ్చి మూల నల్లటి బూజు చూసి, "బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అన్నాడు. గది వేడిచేసే రేడియేటర్ మీద. వంటింటి ఫ్యాను పాడై ఏడాది. కుక్కర్ ఐదు విజిళ్ల ఆవిరంతా ఆ చల్లటి మూలకే చేరుతోంది. ఆ ఎరుపులో కొంత మా పప్పుదే అన్నమాట.

గోడ వారన ఒక వరస రాళ్లు తీయించి కంకర పోయించాం. గట్టర్, ఫ్యాను బాగుచేయించాం. అంతా 900 పౌండ్ల లోపే. గోడ ఆరడానికి నెలలు పడుతుంది కాబట్టి, లోపలి ప్లాస్టరింగ్‌కని 1,500 తగ్గించి, బిల్లులూ ఆయన రిపోర్టూ పంపాం. ఒప్పుకున్నారు.

కాగితాల తలనొప్పి వేరే. ఎప్పుడో రెండు గదుల మధ్య గోడ తీసేశారు, దానికి కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, ఇచ్చే సర్టిఫికెట్ లేదు. ఇలాంటప్పుడు సొలిసిటర్లు, అంటే ఇంటి కాగితాలు చూసే లాయర్లు, ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ అంటారు. ఒక్కసారి కడితే సరి, పెద్ద ఖర్చు కాదు. కానీ తొందరపడి ముందే కౌన్సిల్‌కి ఫోన్ చేశారో, ఆ పాలసీ సాధారణంగా దొరకదు. ఇంకో సంగతి, అది కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికే, తీసేసిన గోడ చోట ఉన్న దూలం కుంగితే కాదు. కొనేవాళ్ల భయం దూలం గురించయితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే.

పునాది కుంగిందన్న అనుమానమైతే మాత్రం పగుళ్లకు సిమెంటు పూయకండి, ముందు మీ ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి.

"వీళ్లు కాకపోతే ఇంకొకరు" అని నాకూ ఒక రాత్రి అనిపించింది. ఇంగ్లండులో సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇరువైపులా ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. కానీ ఏజెంటుకు లోపం తెలిసిపోయింది. రేపు వచ్చేవాళ్ల దగ్గర దాచకూడదు. మనం నింపే ఫారంలో అబద్ధం రాస్తే నష్టపరిహారం దాకా పోవచ్చు. స్కాట్లండు పద్ధతే నయం: 2008 డిసెంబర్ నుంచి అక్కడ ఇల్లు అమ్మకానికి పెట్టేముందే అమ్మేవాళ్లే సర్వేతో కూడిన హోమ్ రిపోర్ట్ తెప్పించాలి.

తాళాలు ఇచ్చే రోజు కొనుక్కున్నమ్మాయి గోడ పక్క కంకర చూసి, "ఇక్కడ మట్టి పోసి గులాబీలు పెట్టుకోనా?" అంది.

"గులాబీలు పెట్టుకో తల్లీ, కుండీల్లో" అన్నాను.