ది డెవిల్స్ రిజెక్ట్స్ రివ్యూ: హంతకుల వెంట ప్రయాణం

నమస్కారం. ఈరోజు దర్శకుడు రాబ్ జాంబీ 2005లో తీసిన ‘ది డెవిల్స్ రిజెక్ట్స్’ గురించి మాట్లాడుకుందాం. ముందే రెండు మాటలు. ఇది చాలా క్రూరమైన సినిమా, పక్కన పిల్లలుంటే ఈ వీడియో తర్వాత చూడండి. రెండోది, ముగింపు దాకా వెళ్లకుండా దీని గురించి మాట్లాడటం నా వల్ల కాదు. కథ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు సినిమా చూశాకే రండి.

1978, టెక్సస్. ఎందరినో చంపిన ఫైర్‌ఫ్లై కుటుంబం ఇంటిని షెరిఫ్ వైడెల్ బలగంతో చుట్టుముడతాడు. తల్లి దొరికిపోతుంది. ఆ కుటుంబంలోని ఓటిస్, అతని చెల్లెలి వరసైన బేబీ తప్పించుకుని, బేబీ తండ్రి కెప్టెన్ స్పాల్డింగ్‌ను కలుసుకుంటారు. వైడెల్ సోదరుడిని చంపింది కూడా ఈ కుటుంబమే. ఇక పారిపోవడం, వెంటాడటం. కథ ఇంతే.

దుర్మార్గులను కథానాయకులుగా పెట్టే సినిమాలు తరచుగా ఒక మోసం చేస్తాయి. వాళ్లకొక కన్నీటి గతం అంటగడతాయి. లేదంటే వాళ్ల చేతిలో చచ్చేవాళ్లను అంతకంటే నీచులుగా చూపిస్తాయి. అప్పుడు మనం ఏ బాధా లేకుండా వాళ్ల పక్షం చేరిపోతాం. జాంబీ ఆ వెసులుబాటు ఇవ్వడు. మోటెల్ గదిలో వీళ్లకు చిక్కేది ఊరూరా పాడుకుంటూ తిరిగే సంగీత బృందం. వీళ్లకు ఏ అపకారమూ చేయనివాళ్లు. ఆ ఘట్టం చాలాసేపు సాగుతుంది, ఊపిరి తీసుకోనివ్వదు. ఆ బృందంలోని వాళ్లుగా నటించిన ప్రిసిల్లా బార్న్స్, జెఫ్రీ లూయిస్ ముఖాల్లో భయం చూస్తుంటే అది నటన అన్న సంగతే మరిచిపోతాం. దీన్ని తగ్గించి ఉండాల్సింది అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఓటిస్, బేబీ ఎలాంటివాళ్లో ఇక్కడ కళ్లారా చూడకపోతే, తర్వాత వచ్చేదంతా అబద్ధమైపోతుంది.

ఎందుకంటే ఆ తర్వాత వ్యానులో ఐస్‌క్రీమ్ కోసం తగవు వస్తుంది. బేబీ కావాలంటుంది, ఓటిస్ కుదరదంటాడు, మరుక్షణం వ్యానులో ఐస్‌క్రీమ్ ఉంటుంది! నవ్వు వచ్చింది, ఆ వెంటనే మోటెల్ గది గుర్తొచ్చి సిగ్గేసింది. షెరీ మూన్ జాంబీ (బేబీ), బిల్ మోస్లీ (ఓటిస్), సిడ్ హేగ్ (స్పాల్డింగ్) మధ్య ఆ చనువు అంత సహజంగా ఉంది.

ఇక వైడెల్‌గా విలియం ఫోర్సైత్. నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం ఆయనే. వైడెల్ చట్టం మనిషిగా మొదలవుతాడు. సోదరుడు కలలోకి వచ్చాక, తన నిర్బంధంలో ఉన్న ఫైర్‌ఫ్లై తల్లిని తానే పొడిచి చంపుతాడు. పారిపోయినవాళ్ల మీదికి ఇద్దరు కిరాయి మనుషులను పంపుతాడు. ముగ్గురూ దొరికాక కోర్టు మాట ఎత్తడు. వాళ్ల ఇంటికే తీసుకెళ్లి, కుర్చీలకు కట్టి, వాళ్లు చంపినవాళ్ల ఫొటోలను వాళ్ల ఒంటికే స్టేపుల్ చేస్తాడు. ఆ ఫొటోల దగ్గర నేను ఆగిపోయాను. చనిపోయినవాళ్ల ముఖాలను మన ముందుకు తెచ్చే మనిషి అతనొక్కడే. న్యాయం అడిగే హక్కు అతనికే ఉంది. అయినా ఆ గదిలో మన మనసు కోరుకునేది, కట్లు తెగి ఆ ముగ్గురూ బయటపడాలని. హంతకుల పాపాన్ని రవ్వంత కూడా కడగకుండా దర్శకుడు మనల్ని ఇక్కడికి తెచ్చాడు. అది మామూలు పనితనం కాదు.

ఛాయాగ్రాహకుడు ఫిల్ పార్మెట్ దీన్ని 16 ఎం.ఎం. ఫిల్ముపై తీశారు. ఆ గరుకుదనం, చేతిలో ఊగే కెమెరా వల్ల పాత వార్తాచిత్రం చూస్తున్నట్టు ఉంటుంది. పతాక సన్నివేశంలో రాక్ బృందం లినర్డ్ స్కినర్డ్ పాట ‘ఫ్రీ బర్డ్’ మొదలవగానే మాటలు ఆగిపోతాయి. కారులో రక్తమోడుతున్న ముగ్గురు, ఎదురుగా రోడ్డుకు అడ్డంగా పోలీసులు. వీరుల మరణంలా తీశారే అని కోపం వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. నాకూ గొంతులో ఏదో అడ్డుపడింది, ఎవరి కోసం అని అడిగితే మాత్రం జవాబు చెప్పలేను.

అతకనిది ఒకటుంది. ఈ ముఠా మారుపేర్లు పాత హాలీవుడ్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ పాత్రలవని కనిపెట్టడానికి ఒక సినిమా విమర్శకుడిని పిలిపిస్తారు. ఆ హాస్యం వేరే సినిమా నుంచి తెచ్చి అతికించినట్టుంది.

2003 నాటి మొదటి భాగం చూడకపోయినా కథ అర్థమవుతుంది. 2019లో వచ్చిన మూడో భాగం నాకు అనవసరమనిపించింది. లైంగిక హింస చూడలేనివాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లవద్దు, మోటెల్ ఘట్టం దాటేసి చూస్తే మిగతా సినిమాకు అర్థం ఉండదు.