గ్రీన్ కార్డు ఉంది, పాత కేసూ ఉంది

శ్రోతలకు నమస్కారం.

నేను గుంటూరులో వకీలుని. బ్రాడీపేటలో మా వీధిలో ఉండే ఒకావిడ ఆమధ్య మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి మరీ మాట్లాడారు. "బాబాయి గారూ, అమెరికాలో మా పెద్దాడికి గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది. సిటిజన్‌షిప్‌కి అప్లై చేయరా అంటే ఇన్నాళ్లకి అసలు సంగతి చెప్పాడు. చదువుకునే రోజుల్లో షాపులో ఏదో వస్తువు బిల్లు కట్టకుండా తెచ్చాడని కేసు పెట్టారట. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేశాడట. అది రాయకుండా అప్లై చేస్తే ఏమవుతుంది?" అని అడిగారు.

అమెరికా కోర్టుల్లో వాదించే అర్హత నాకు లేదు. కానీ అక్కడి చట్టం ఏం చెబుతుందో చదివి తెలుసుకున్నాను. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

రాయకుండా ఉండటం మాత్రం వద్దు. ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నమోదైందా అని సూటిగా అడుగుతారు. కొట్టేసిన కేసైనా, కోర్టు రికార్డు మూసేసినా చెప్పాల్సిందే. వేలిముద్రలు అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాకా వెళతాయి. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడుగుతారు. అక్కడ అబద్ధమాడితే ఆ అబద్ధం ఒక్కటే దరఖాస్తును దెబ్బతీస్తుంది.

అయితే ఉన్నది ఉన్నట్టు రాసి వెంటనే పంపేయమనీ అనను. అసలు టెన్షన్ ఇక్కడే ఉంది. మామూలుగా గడిచిన ఐదేళ్ల నడవడిక చూస్తారు. అవసరమనుకుంటే అంతకుముందుదీ తవ్వుతారు. ఆ ఐదేళ్లలో తాగి బండి నడిపిన కేసులు రెండు రుజువైతే నడవడిక మంచిది కాదనే అనుకుంటారు. ప్రొబేషన్‌లో, అంటే జైలుకి బదులు కోర్టు పర్యవేక్షణలో ఉండగా దరఖాస్తు ఆమోదించరు. 1990 నవంబరు 29న గానీ ఆ తర్వాత గానీ, వాళ్ల చట్టం తీవ్రమైనవిగా లెక్కగట్టే నేరాల్లో శిక్ష పడితే పౌరసత్వం దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. దొంగతనానికి ఏడాది శిక్ష వేసి, జైలుకి పంపకుండా నిలిపి ఉంచినా అందులోకే వస్తుంది. అలాంటి కేసున్నవాడు దరఖాస్తు పెడితే, ఆ ఫైలు తెరిచి దేశం నుంచి పంపించేసే విచారణే మొదలుపెట్టవచ్చు.

ఇంకో మాట. తప్పు ఒప్పుకుని చిన్నపాటి శిక్షతో బయటపడితే, రాష్ట్ర కోర్టు దాన్ని శిక్ష పడినట్టు రాయకపోయినా ఇమిగ్రేషన్ చట్టం శిక్ష కిందే లెక్కేస్తుంది. "చిన్నదేనండీ, అయిపోయింది" అని మనవాళ్లు అనుకునేది ఇలాంటివాటినే. అందుకే ముందు ఆ కోర్టు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోవాలి. అది పట్టుకుని ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. ఫారం ఆ తర్వాతే.

అమ్మానాన్నలకు ఒక మనవి. పెళ్లికి రావాలి, సంక్రాంతికి రావాలి అని పట్టుబట్టకండి. కొన్ని నేరాలున్నవాళ్లు ఇక్కడికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, గ్రీన్ కార్డు ఉన్నా ఎయిర్‌పోర్టులోనే ఆపవచ్చు. పిల్లవాడు రాలేనంటే కారణం మీకు చెప్పుకోలేనిది కావచ్చు. తిట్టకుండా అడగండి.

మొన్న ఆవిడ మళ్లీ కనిపించారు. సర్టిఫైడ్ కాపీ వచ్చిందట, వచ్చే వారం లాయరు చూస్తానన్నారట. చిన్నవాడి పెళ్లి మాఘమాసంలో. పెద్దవాడికి టికెట్ ఇంకా కొనలేదు.