కిడ్నీలో రాయి ఎలా పడుతుంది? కణాల లోపల జరిగే కథ

టమాటా గింజలు తిన్నావు కాబట్టే రాయి వచ్చిందని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. గింజ కిడ్నీ దాకా వెళ్లదండీ, అరగకపోతే మలంలో పోతుంది. కిడ్నీకి చేరేవి రక్తంలో కరిగి ఉన్నవే: కాల్షియం, ఆక్సలేట్ (పాలకూర లాంటి వాటిలో ఉండే పదార్థం), సిట్రేట్, యూరిక్ యాసిడ్ లాంటివి.

[తెరపై: కిడ్నీలోని సన్నటి గొట్టం బొమ్మ]

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడితే బయటికొచ్చే మూత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా ఈ గొట్టాల గోడల్లోని కణాలు వెనక్కి లాగేసుకుంటాయి. ఏది లాగాలి, ఏది వదలాలి అన్నది చాలావరకు ఆ కణాల పొరలో ఉండే రవాణా ప్రోటీన్ల పని.

ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేట్ రాయి, అంటే మూత్రంలో ఆ రెండూ కలిసి గట్టిపడినది, కాబట్టి ముందు ఆక్సలేట్ సంగతి చూద్దాం. ఎస్ఎల్‌సి26ఎ6 అని ఒక ప్రోటీన్ ఉంది (పేరు బండి నంబర్‌లా ఉంది కానీ భరించండి). అది క్లోరైడ్‌ను కణంలోకి తీసుకుని ఆక్సలేట్‌ను మూత్రం వైపు వదులుతుంది. మరి అది లేకపోతే మూత్రంలో ఆక్సలేట్ తగ్గాలి కదా? 2006లో ఆ జీన్ తీసేసిన ఎలుకల్లో జరిగింది దానికి పూర్తిగా ఉల్టా, ఆక్సలేట్ పెరిగి రాళ్లు కట్టాయి. ఎందుకంటే అదే ప్రోటీన్ పేగులో కూడా ఉంటుంది, ఒంట్లోకి చేరిన ఆక్సలేట్‌ను తిరిగి పేగులోకి నెట్టే డ్యూటీ అక్కడ దానిదే, ఆ నెట్టడం ఆగిపోయేసరికి అదంతా రక్తంలో మిగిలి కిడ్నీ మీద పడింది. రాయి భయంతో పాలు, పెరుగు మానేసేవాళ్లకు కూడా దెబ్బ పేగులోనే తగులుతుంది: భోజనంలో కాల్షియం ఉంటే అది ఆక్సలేట్‌ను అక్కడే పట్టుకుని బయటికి పంపేస్తుంది, లేకపోతే ఆక్సలేట్ నేరుగా రక్తంలోకి చేరిపోతుంది.

ఇక సిట్రేట్. మూత్రంలో ఇది కాల్షియాన్ని పట్టుకుని ఆక్సలేట్‌తో కలవనివ్వదు, అంటే మన పక్షమే. కానీ కిడ్నీ కణాలకు అది ఇంధనం కూడా, అందుకే ఎన్ఏడీసీ1 అనే ప్రోటీన్ సోడియంతో పాటు దాన్ని లోపలికి లాగేస్తుంది. ఒంట్లో ఆమ్లం పెరిగితే, ఉదాహరణకు మాంసం మరీ ఎక్కువగా తింటే, ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది, మూత్రంలో సిట్రేట్ తగ్గిపోతుంది. డాక్టర్లు రాసే పొటాషియం సిట్రేట్ సిరప్ తాగితే ఆ సిట్రేట్టే నేరుగా మూత్రంలోకి దిగుతుందనుకుంటాం, నిజానికి చాలా భాగం ఒంట్లోనే ఖర్చయిపోయి ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దాంతో కణాలు సిట్రేట్‌ను లాగడం తగ్గిస్తాయి.

కాల్షియం దారి వేరు. మూడింట రెండు వంతులు గొట్టం మొదటి భాగంలోనే కణాల మధ్య సందుల్లోంచి, సోడియం, నీళ్ల వెంటే వెనక్కి వెళ్తుంది. ఉప్పు ఎక్కువ తింటే కిడ్నీ సోడియాన్ని వదిలేస్తుంది, దాంతో కాల్షియమూ మూత్రంలోనే ఉండిపోతుంది. కాబట్టి నా లెక్కలో టమాటా కన్నా ముందు అనుమానించాల్సింది రోజూ కంచంలో పడే ఆవకాయనీ, అప్పడాలనీ.

రాయి దానంతటదే పడిపోతే పారేయకండి, ల్యాబ్‌లో ఇచ్చి ఏ రకమో తేల్చుకోండి, యూరిక్ యాసిడ్ రాయికి, సిస్టీన్ రాయికి మందులూ జాగ్రత్తలూ వేరు. మళ్లీ మళ్లీ వస్తుంటే 24 గంటల మూత్ర పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.