ఇద్దరు స్టార్లు, ఒక్క సినిమా: మరి ఒక్క షాట్‌లో కూడా కలవరేం?

[నల్లటి తెర. గుర్రపు డెక్కల చప్పుడు.]

ఒక కౌబాయ్ సినిమా. పేరు 'ది మీనెస్ట్ మెన్ ఇన్ ద వెస్ట్'. హీరోల పేర్లు చూస్తే లీ మార్విన్, చార్లెస్ బ్రాన్సన్. కథలో ఇద్దరూ అన్నదమ్ములే, పైగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత పగ.

మీకో చిన్న పని. ఇద్దరి మొహాలూ ఒకే షాట్‌లో కనబడిన చోట పాజ్ కొట్టండి.

[రెండు సెకన్లు నిశ్శబ్దం.]

దొరకదు. మార్విన్ సీన్లు అమెరికన్ టీవీలో వచ్చింది 1962లో. బ్రాన్సన్‌వి 1967లో. మధ్యలో అయిదేళ్లు! ఒకే టీవీ సీరియల్‌లోని రెండు వేర్వేరు ఎపిసోడ్‌లను కత్తిరించి, అతికించి చేసిన సినిమా ఇది.

[తెర మీద: పాత టీవీ సెట్.]

ఆ సీరియల్ 'ది వర్జీనియన్'. అమెరికన్ టీవీ చానల్ ఎన్‌బీసీలో 1962 నుంచి 1971 దాకా నడిచింది. వ్యోమింగ్‌లో షైలో అనే పశువుల రాంచ్, దాన్ని నడిపే మేనేజర్, అంతే. మేనేజర్‌గా జేమ్స్ డ్రూరీ. వారానికో కథ, అతిథిగా కొత్త నటుడు. ప్రతి ఎపిసోడ్‌కీ 90 నిమిషాల స్లాట్. యాడ్స్ తీసేస్తే గంటంబావు మిగులుతుంది. అదీ కలర్‌లో, ఫిల్మ్ మీద. అంటే ఒక్కో ఎపిసోడూ చిన్న సినిమా కిందే లెక్క. స్టూడియో వాళ్లకు ఆశ పుట్టకుండా ఉంటుందా?

1962 ఎపిసోడ్ రాసి, తీసింది శామ్యూల్ ఫుల్లర్. అందులో మార్విన్‌ది కాలిగ్ అనే దొంగ వేషం. అతను రాంచ్ యజమాని జడ్జి గార్త్‌ను ఎత్తుకుపోతాడు. 1967 ఎపిసోడ్ చార్లెస్ డూబిన్‌ది. అందులో బ్రాన్సన్‌ది టాల్బట్ అనే ముఠా నాయకుడి వేషం. ఈ కథకీ ఆ కథకీ చుట్టరికం లేదు.

తర్వాత కాలం తిరిగింది. 1966లో మార్విన్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. 1974లో 'డెత్ విష్' సినిమాతో బ్రాన్సన్ ప్రపంచమంతా తెలిసిపోయాడు. ఒకప్పుడు అతిథి వేషానికి పిలిచినవాళ్ల మొహాలే ఇప్పుడు టికెట్లు తెంపుతాయి. ఇది మనకూ కొత్త కాదు. హీరో పెద్దవాడయ్యాక, అతను రెండు సీన్లలో కనిపించిన పాత సినిమాకు కొత్త పోస్టర్ వేస్తే, దాని మీద అతనొక్కడే ఉంటాడు!

[తెర మీద: రెండు ఫిల్మ్ ముక్కలు, మధ్యలో కత్తెర.]

ఇక అసలు విద్య, అతుకు. ఒక మనిషి తెర కుడివైపు కోపంగా చూస్తాడు. కట్. ఇంకో మనిషి ఎడమవైపు చూస్తాడు. అంతే, వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారని మన మెదడే తీర్మానించేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా టీవీ తెర చిన్నది కాబట్టి అప్పటివాళ్లు క్లోజప్‌లు దండిగా తీసేవారు. క్లోజప్‌లో వెనకాల ఊరుందో, కొండ ఉందో సరిగా తెలియదు. కత్తెరకు అంతకంటే ఏం కావాలి?

రెండు కథల్నీ కలిపే దారం డ్రూరీ. రెండింట్లోనూ అతనే, రాంచ్ కూడా అదే. అయితే చిక్కంతా ఆ దారంలోనే ఉంది. 28 ఏళ్ల డ్రూరీ, 33 ఏళ్ల డ్రూరీ ఒకే పగలు, ఒకే గుర్రం మీద వెళ్తున్నట్టు నమ్మాలి. జడ్జి సంగతి ఇంకా తమాషా. ఆ వేషం వేసిన లీ జె. కాబ్ 1966కల్లా సీరియల్ వదిలేశాడు. బ్రాన్సన్ ఎపిసోడ్ నాటికి రాంచ్ యజమానే వేరు!

రెండు గంటంబావులు కలిపి గంటన్నరలో కుక్కితే ఏమవుతుంది? ఫుల్లర్ ఓపిగ్గా పెంచిన టెన్షన్ మధ్యలోనే తెగిపోతుంది. నా మట్టుకు ఇది అన్యాయమే. విడిగా చూస్తే ఆ ఎపిసోడ్ బాగుంటుంది.

అన్ని అతుకులూ ఇలాగే ఉండవు లెండి. డిస్నీ వాళ్లు డేవీ క్రాకెట్ అనే పాతకాలపు అమెరికన్ వీరుడి మీద తీసిన మూడు టీవీ భాగాలను 1955లో వరసగా కలిపి సినిమాగా వదిలారు. కథ ఒకటే, మనిషి ఒకడే. ఇంట్లో నలుపు తెలుపులో చూసినవాళ్లు థియేటర్‌లో రంగుల్లో చూశారు. పెట్టిన డబ్బుకు కొత్తగా ఏదో దక్కింది.

[తెర మీద: ఖాళీ ఫ్రేమ్, రెండు వైపులా రెండు టోపీలు.]

ఇంతకీ మార్విన్, బ్రాన్సన్‌లను నిజంగా పక్కపక్కన చూడాలనుందా? 'ది డర్టీ డజన్' పెట్టుకోండి. ఇద్దరూ కలిసే నటించారు. అది థియేటర్లకు వచ్చిందీ 1967లోనే, బ్రాన్సన్ ఎపిసోడ్ టీవీలో వచ్చిన ఏడాదే.