ఎమిలీ డికిన్సన్ గారింటికి వెళ్ళాం | కొబ్బరి కేకు కాగితం వెనక కవిత | ఆమ్‌హెర్స్ట్ వ్లాగ్

అందరికీ నమస్తే అండీ! మంచు తగ్గింది కదా, ఏదైనా కొత్త ఊరు చూపించవే అని మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. పిన్నీ, ఇదిగో ఆమ్‌హెర్స్ట్. మాసచూసెట్స్‌లో చిన్న కాలేజీ ఊరు. మెయిన్ స్ట్రీట్ మీద ఆ పసుపురంగు ఇంట్లోనే 1830లో అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పుట్టారు, 1886లో పోయిందీ ఇక్కడే. పక్కిల్లు వాళ్ళ అన్నయ్యది.

మేడ మీద గదిలో ఆవిడ రాసుకునే బల్ల చూశాను. అసలుది హార్వర్డ్‌లో ఉంది, ఇక్కడున్నది నమూనా. ఎటు కొలిచినా అడుగున్నరకు మించదు. దాని మీదే దాదాపు 1,800 కవితలు! బతికుండగా అచ్చయినవి పదీ పన్నెండే, అవీ పేరు లేకుండా. కాగితాలు మడిచి, సూదీ దారంతో తనే కుట్టుకున్న 40 చిన్న పుస్తకాలు ఆవిడ పోయాకే చెల్లెలు లవీనియా కంటపడ్డాయి. 1890లో మొదటి పుస్తకం వేసినవాళ్ళు ప్రాసలు సరిచేశారు, ఆవిడ మాటల మధ్య పెట్టుకున్న అడ్డగీతలు (డాష్‌లు) చాలావరకు తీసేశారు. నాకైతే భలే కోపం వచ్చింది. ఆ గీత దగ్గర ఆగితేనే కదా ఆవిడ గొంతు వినిపించేది! 1955 దాకా ఆ గీతలు అచ్చులోకి తిరిగి రాలేదు.

ఇల్లు దాటని మనిషి అంటారు కానీ, ఆవిడవి వెయ్యికి పైగా ఉత్తరాలు మిగిలాయి. వీధి పిల్లలకు కిటికీలోంచి బుట్టలో అల్లం కేకు దించేవారట. రొట్టెకైతే 1856లో ఊరి పోటీలో రెండో బహుమతి!

ఇప్పుడు స్క్రీన్ మీద వేస్తున్న ఫొటో చూడండి. ఆవిడ కొబ్బరి కేకు కొలతలు రాసుకున్న కాగితం. దాని వెనకే ఒక కవిత. తిరిగిరానివి కొన్ని ఉంటాయంటారు: చిన్నతనం, కొన్ని రకాల ఆశలు, పోయినవాళ్ళు. సంతోషాలు మాత్రం, మనుషుల్లాగే, ఒక్కోసారి ప్రయాణమై వెళ్ళినా ఉండిపోతాయట. మా నాయనమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను. ఇది చదివాక కాసేపు కెమెరా ఆపేశాను.

అక్కణ్ణుంచి ఇంకో మ్యూజియం అనుకున్నాం కానీ, నా మనసంతా కొబ్బరి మీదే. కారు ఇండియన్ స్టోర్‌కి తిప్పించాను. ఒక్క కాయ మూడు డాలర్లండీ, మన డబ్బుల్లో రెండొందల యాభై పైమాటే! అయినా రెండు తీసుకున్నాను.

ఆవిడ కొలతలు రాసుకోండి: కొబ్బరి ఒక కప్పు, పిండి రెండు, పంచదార ఒకటి, వెన్న అర, పాలు అర, రెండు గుడ్లు, అర చెంచా వంట సోడా, ఒక చెంచా క్రీమ్ ఆఫ్ టార్టార్ (కేకు పొంగడానికి సోడాతో కలిపే పుల్లటి పొడి). ఎంతసేపు కాల్చాలో ఆ కాగితంలో లేదు. పిన్నీ, గుడ్డు లేకుండా ఎలా చేయాలో నువ్వే చెప్పాలి, రాత్రికి ఫోన్ చేస్తాను.